బాస్‌కు ముప్ఫై ప్రాణాలు ఎందుకు?

ప్రశ్న: ఖాళీ సమయంలో ఒంటరిగా ఒక వంతులవారీ పజిల్ గేమ్ తయారు చేస్తున్నాను. బోర్డు ఏడు అడ్డు వరుసలు, ఏడు నిలువు వరుసలు. ఆడేవారి బంటు వంతుకు ఒక గడి కదులుతుంది. ఎదురుగా రాయి ఉంటే, దాని వెనక గడి ఖాళీగా ఉన్నప్పుడు తోయగలదు. ఆ తరువాత భూతాలు ఒక్కో గడి చొప్పున బంటు వైపు కదులుతాయి. అడ్డంగా, నిలువుగా ఏ దూరం ఎక్కువగా ఉంటే ఆ దిశలో వెళ్తాయి, రెండు దూరాలూ సమానమైతే అడ్డంగా వెళ్తాయి, రాయి అడ్డొస్తే ఆగిపోతాయి. వాటిని రాయికీ గోడకూ మధ్య నలిపి చంపాలి. నలభై లెవెల్స్ పూర్తయ్యాయి. ఆఖరి లెవెల్‌లో నాలుగు గడులు (రెండు అడ్డం, రెండు నిలువు) ఆక్రమించే బాస్‌ను, అంటే చివరి పెద్ద శత్రువును, పెట్టాను. దాని హెల్త్, అంటే అది తట్టుకోగల దెబ్బల లెక్క, 30. పక్కన నిలబడి కొడితే ఒకటి తగ్గుతుంది. తన వంతులో మూడు రకాల దాడుల్లో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా చేస్తుంది. ఆడి చూసిన మిత్రుల్లో కొందరు విసుగ్గా ఉందన్నారు, కొందరు అంతా అదృష్టమేనన్నారు. హెల్త్ తగ్గించాలా? పోరు మధ్యలో బాస్ తీరు మారే దశలు పెంచాలా? యాదృచ్ఛికతను తీసేయాలా?

సమాధానం: మీ మిత్రులు చెప్పిన రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటే. నలభై లెవెల్స్ పాటు మీ ఆట ఆడేవారికి దూరాలు లెక్కపెట్టడం, భూతం తరువాతి అడుగు ఎటు పడుతుందో ముందే ఊహించడం, రాయిని సరైన వరుసలోకి తోయడం నేర్పింది. నలభై ఒకటో లెవెల్‌కు వచ్చేసరికి ఆ విద్యలేవీ పనికిరావు. అక్కడ ఊహించడానికి ఏమీ లేదు, తోయడం వల్ల లాభం లేదు, పక్కకు చేరి కొట్టడమనే కొత్త పని ఒకటి ఉంది, దాన్ని ముప్ఫైసార్లు చేయాలి. మీ బాస్ మీ ఆటకు చెందినది కాకుండా పోయింది. కాబట్టి హెల్త్‌ను తగ్గించడం కాదు, ఆ పద్ధతినే తీసివేయమంటాను. యాదృచ్ఛిక దాడులు కూడా అక్కర్లేదు. దశల సంగతి బాస్ ఏం చేస్తుందో తేలిన తరువాతే నిర్ణయించాలి.

హెల్త్ విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. వేగంగా మీటలు నొక్కే యాక్షన్ గేమ్‌లో బాస్‌కు పెద్ద హెల్త్ ఉండటానికి అర్థం ఉంది. తప్పించుకునే పద్ధతి తెలిసినా ప్రతిసారీ చేతితో చేసి చూపాలి, ఏకాగ్రత ఎంతసేపు నిలుస్తుందన్నదే అక్కడి పరీక్ష. వంతులవారీ ఆటలో ఆలోచించడానికి ఎంత సమయమైనా ఉంటుంది, వేళ్ళ నైపుణ్యంతో పని లేదు. పరిష్కారం తట్టిన క్షణంలోనే అసలు పని అయిపోతుంది, ఆ తరువాత అదే ఎత్తును మళ్ళీ మళ్ళీ వేయించడం వట్టి చాకిరీ. ఒక్కో దెబ్బకూ ముందు కొత్తగా ఆలోచించాల్సింది ఏమైనా ఉందా అని అడగండి. లేదంటే ఆ దెబ్బ ఆటలో ఉండకూడదు.

హెల్త్ అంకె ఉన్నా అది ఆలోచింపజేయగలదని ఒక ఉదాహరణతో చెప్పవచ్చు. 2019లో పూర్తిగా విడుదలైన స్లే ద స్పైర్ అనే కార్డుల ఆటలో జిగురు ముద్దలాంటి బాస్ ఒకటి ఉంది. దాని హెల్త్ సగానికి గానీ అంతకన్నా కిందికి గానీ పడగానే అది రెండుగా చీలిపోతుంది, ఒక్కో ముక్కకూ ఆ క్షణానికి మిగిలిన హెల్త్ మొత్తం వస్తుంది. అంటే సగానికి కొంచెం పైన ఆగి, చేతిలోని పెద్ద దెబ్బలన్నీ కూడబెట్టుకుని, ఒకేసారి లోతుగా కొట్టినవారికి చిన్న ముక్కలు మిగులుతాయి. తొందరపడి సగం గీత దగ్గరే చీల్చినవారికి రెండు పెద్ద శత్రువులు ఎదురవుతాయి. ఒకే ఒక్క నియమంతో మామూలు దెబ్బకు కొత్త అర్థం వచ్చింది, ఎప్పుడు కొట్టాలన్నది ప్రశ్నగా మారింది. అదే ఆటలో మరో బాస్, ఆడేవారు పన్నెండు కార్డులు వేయగానే వారి వంతును ముగించి తన బలం పెంచుకుంటుంది. చిన్న కార్డులు వరుసగా గుప్పించే అలవాటు ఉన్నవారికి అది గట్టి ప్రశ్న. ఈ రెండింటి గొప్పతనం అవి ఎంత గట్టిగా కొడతాయన్నదానిలో లేదు. ఆడేవారు అప్పటిదాకా నమ్ముకున్న పద్ధతిని మళ్ళీ లెక్క వేసుకునేలా చేయడంలో ఉంది.

ఇక యాదృచ్ఛికత. ఆడేవారు నిర్ణయం తీసుకోకముందే జరిగే యాదృచ్ఛికత వేరు, తీసుకున్న తరువాత జరిగేది వేరు. పేక ముక్కలు పంచడం మొదటి రకం. చేతిలోకి ఏమొచ్చినా చూసి ఆలోచించుకోవచ్చు. ఎత్తు వేశాక శత్రువు ఏం చేస్తుందో పాచిక తేల్చడం రెండో రకం. పజిల్‌లో రెండోది దాదాపు ఎప్పుడూ హాని చేస్తుంది, ఎందుకంటే సరిగ్గా ఆలోచించినవారు ఓడిపోవచ్చు, ఆలోచించనివారు గెలవవచ్చు. మీ మిత్రులు అదృష్టమని అన్నది దీన్నే. 2018లో వచ్చిన ఇన్‌టు ద బ్రీచ్ అనే ఆట అడ్డంగా, నిలువుగా ఎనిమిదేసి గడులున్న చదరపు బోర్డు మీద నడుస్తుంది. అందులో శత్రువులు ఏ గడి మీద దాడి చేయబోతున్నాయో ముందే గుర్తులు కనిపిస్తాయి. ఆడేవారు ఒక శత్రువును ఒక గడి పక్కకు నెట్టి, దాని దెబ్బ ఇంకో శత్రువు మీద పడేలా చేయవచ్చు. దాడిని దాచకపోవడం వల్ల ఆ ఆట సులువైపోలేదు. చూపించినందువల్లే ఆలోచించడానికి పదార్థం దొరికింది. మీది చేత్తో పేర్చిన పజిల్ కాబట్టి, మొదటి రకం యాదృచ్ఛికత కూడా మీకు అవసరం లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ ఆట దగ్గరికి వద్దాం. మీరు చెప్పిన నియమాల్లోనే మంచి బాస్ ఒకటి దాగి ఉంది. నాలుగు గడుల శరీరాన్ని అలాగే ఉంచండి. కదలిక చిన్న భూతాల కదలికే, దూరాన్ని దాని శరీరంలో బంటుకు దగ్గరగా ఉన్న గడి నుంచి కొలవాలి. దాని శరీరం బంటు ఉన్న గడి మీదికి వస్తే ఆట ముగుస్తుంది. కొత్తగా చేర్చాల్సింది ఒకే ఒక్క వాక్యం: ఈ బాస్ రాళ్ళను తోస్తుంది, తోయలేకపోతే దెబ్బ తింటుంది. దానికి ఎదురుగా ఎప్పుడూ రెండు గడులు ఉంటాయి, వాటిలో ఏ ఒక్క రాయి కదలకపోయినా తోయలేకపోయినట్టే. చిన్న భూతాలను రాయికీ గోడకూ మధ్య నలపడం ఆడేవారికి అలవాటైన పనే కాబట్టి, ఈ వాక్యం వారికి పరాయిగా తోచదు.

ఒక్క స్థితిని తీసుకుని అడుగడుగునా చూద్దాం. అడ్డు వరుసలను పైనుంచి, నిలువు వరుసలను ఎడమ నుంచి లెక్కపెడుతున్నాను. బాస్ మూడు, నాలుగు అడ్డు వరుసల్లో, నాలుగు, ఐదు నిలువు వరుసల్లో ఉంది. మూడో అడ్డు వరుసలో, ఆరో నిలువు వరుసలో, అంటే బాస్‌కు కుడివైపున ఆనుకుని ఒక రాయి ఉంది. ఆడేవారు బంటును ఆరో అడ్డు వరుసలోని చివరి గడికి, కుడి గోడ పక్కకు, తీసుకెళ్ళారు. బాస్ నుంచి అడ్డంగా రెండు గడులు, నిలువుగా రెండు గడులు. దూరాలు సమానం కాబట్టి బాస్ అడ్డంగా, కుడివైపు కదులుతుంది, తనతో పాటు రాయిని కూడా తోస్తుంది. ఇప్పుడు రాయి మూడో వరుసలో గోడకు ఆనుకుంది. తరువాతి వంతులో ఆడేవారు బంటును ఒక గడి పైకి, ఐదో వరుసలోకి జరుపుతారు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మళ్ళీ సమానం, మళ్ళీ అడ్డంగానే కదలాలి, కానీ ఎదురుగా ఉన్న రాయి గోడకు ఆనుకుని ఉంది. బాస్ తోయలేకపోయింది, దెబ్బ తిన్నది. ఈ రెండు ఎత్తుల్లో ఆడేవారు రాయిని ముట్టుకోనేలేదు. ఎక్కడ నిలబడాలన్నది మాత్రమే ఎంచుకుని, బాస్ చేతనే దాని దారిని మూయించారు. దూరాలు సమానమైతే అడ్డంగా వెళ్తుందన్న చిన్న నియమం, నలభై లెవెల్స్‌లో ఏదో ఒక మూల ఉండిపోయినది, ఇక్కడ ఆటకు తాళంచెవి అయింది.

ఆ రాయి లేకుండా ఇదే గడిలో నిలబడితే ఏమవుతుందో కూడా చూడండి. బాస్ అడ్డంగా కదిలి గోడను ఆనుకుంటుంది, బంటు సరిగ్గా దాని కిందికి వస్తుంది. ఎడమకు జరిగినా ఇంకా దాని కిందే ఉంటుంది కాబట్టి ఆ వంతులోనే ఆట ముగుస్తుంది. కిందికి ఒక గడి, మళ్ళీ ఒక గడి పారిపోతే మూలకు చేరుతుంది, మూడో ఎత్తుకు దారి ఉండదు. రాయి ఉంటే విజయం, లేకపోతే మరణం, గడి మాత్రం ఒక్కటే. ఇలాంటి గడి దొరికిందంటే మీ బాస్‌కు వెన్నెముక ఏర్పడినట్టే.

మరో సంగతి ఉంది. పెట్టెలు తోసే ఆటలకు ఆద్యంగా నిలిచిన, 1982లో వచ్చిన సొకోబాన్ నుంచి ఇప్పటిదాకా, గోడకు ఆనుకున్న వస్తువును గోడ నుంచి ఇవతలికి తీయలేమన్న భయం ఈ తరహా ఆటలు ఆడేవారందరికీ ఉంటుంది. వెనకవైపుకు వెళ్ళి తోసే చోటు ఉండదు కదా. మీ ఆట ఆడేవారు కూడా రాయి గోడను తాకకుండా జాగ్రత్తపడటం నేర్చుకునే ఉంటారు. బాస్ దగ్గర ఆ పోగొట్టుకున్న రాయే ఆయుధం కావడం వల్ల, వారి అలవాటు తలకిందులవుతుంది. ఆఖరి లెవెల్‌కు తగిన ఆశ్చర్యం అది, దానికోసం కొత్త నియమాలు గుట్టలుగా పోయనవసరం లేదు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. బాస్ దెబ్బ తిన్న తరువాత స్థితిని ఇంకో రెండు అడుగులు ముందుకు నడిపి చూడండి. తగిలిన రాయి పగిలిపోతుందని అనుకుందాం. బంటు ఐదో వరుసలో గోడ పక్కన ఉంది, బాస్ దానికి ఏటవాలుగా ఆనుకుని ఉంది. పైకి వెళ్తే బాస్ పక్కన, ఎడమకు వెళ్తే బాస్ కింద పడతాము, కిందికి వెళ్తే మూలే గతి. అంటే అద్భుతమైన ఎత్తు వేసి గెలిచినవారు, ఆ గెలుపు వల్లే చనిపోతారు. ఇది కాగితం మీద నియమం రాసేటప్పుడు కనబడదు, గడులు గీసుకుని కదిపితేనే కనబడుతుంది. దీనికి మందుగా, దెబ్బ తిన్న బాస్ తాను వచ్చిన వైపుకే రెండు గడులు వెనక్కి తూలాలని, మధ్యలో రాయి అడ్డొస్తే అక్కడే ఆగాలని నియమం పెట్టండి. బలంగా తోయబోయి ఎదురుదెబ్బ తిన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు, బంటుకు ఊపిరాడేంత చోటూ దొరుకుతుంది.

దశల విషయంలో రెండు చాలంటాను. మొదటి దెబ్బ తరువాత మారాల్సింది ఒక్కటే: దూరాలు సమానమైనప్పుడు బాస్ ఇకపై అడ్డంగా కాక నిలువుగా వెళ్తుంది. అంతే. అప్పుడు కుడి, ఎడమ గోడల దగ్గర పనిచేసిన ఉపాయం అక్కడ పనిచేయదు, పై గోడ, కింది గోడ దగ్గర పనిచేస్తుంది. నేర్చుకున్నది వృథా కాదు, పక్కకు తిప్పి వాడుకోవాలి. మూడో దశ పెట్టి ఆ దిశ వంతు వంతుకూ మారేలా చేయవచ్చు, అప్పుడు సరైన గడికే కాక సరైన వంతుకు కూడా చేరుకోవాలి. కానీ రెండో దశను చాలామంది చిటికెలో ముగిస్తున్నారని కళ్ళారా చూస్తే తప్ప ఆ మూడోదాని జోలికి వెళ్ళవద్దు. బాస్ తల మీద కొమ్ములు అడ్డంగా ఉంటే అడ్డంగా, నిలువుగా ఉంటే నిలువుగా అన్నట్టు బొమ్మలోనే ఈ తేడా కనిపించాలి. దశ మారిన సంగతి కొమ్ములు తిరగడంతోనే తెలియాలి, అక్షరాల్లో రాసి చూపితే ఎవరూ చదవరు.

బోర్డు మీద మూడు రాళ్ళు పెట్టండి. రెండు దెబ్బలకు రెండు రాళ్ళు పగులుతాయి, ఒకటి తప్పుకు మన్నింపుగా మిగులుతుంది. మూడూ ఉన్నప్పుడు ఇంకో మార్గం కూడా తెరుచుకుంటుంది: రెండు రాళ్ళు ఒకదాని వెనక ఒకటి ఉంటే ముందరిది కదలదు కాబట్టి, బోర్డు నడిమధ్యలో, గోడతో పని లేకుండానే బాస్‌ను ఆపవచ్చు. దాన్ని మూసేయాలని మీకు అనిపించవచ్చు. మూయవద్దు. మీ నియమాల నుంచి న్యాయంగా పుట్టిన పరిష్కారం అది, కనిపెట్టినవారికి మీకన్నా తెలివిగా ఆడామన్న ఆనందం దక్కుతుంది. మూయాల్సినవి వేరే ఉంటాయి. అంతులేకుండా బాస్ చుట్టూ తిరుగుతూ ఏమీ కోల్పోకుండా కాలం గడిపే దారులు, ఎవరూ ఆలోచించకుండానే మూడు నాలుగు ఎత్తుల్లో గెలిచిపోయే దారులు వంటివి.

వాటిని చేత్తో వెతకడం సాధ్యం కాదు, కంప్యూటర్ చేత వెతికించండి. బంటు ఉండగల గడులు 49, బాస్ ఉండగల చోట్లు 36, మూడు రాళ్ళను 49 గడుల్లో పెట్టే విధాలు 18,424. వీటిని గుణిస్తే సుమారు 3 కోట్ల 25 లక్షలు. ఒకదాని మీద ఒకటి పడే స్థితులను తీసేస్తే ఇంకా తగ్గుతుంది. మామూలు కంప్యూటర్‌కు ఇది పెద్ద లెక్కేమీ కాదు. మొదటి స్థితి నుంచి ఒక ఎత్తులో చేరగల స్థితులు, ఆ తరువాత రెండు ఎత్తుల్లో చేరగలవి, ఇలా పొరలు పొరలుగా వెతికితే అతి తక్కువ ఎత్తుల్లో గెలిచే దారి తప్పక బయటపడుతుంది. ఏ స్థితికి చేరితే ఇక గెలవడం అసాధ్యమో కూడా తెలుస్తుంది. వెనక్కి తూలే గడులు రెండు చాలా, మూడు కావాలా అన్నదీ ఈ వెతుకులాటే తేలుస్తుంది. యాదృచ్ఛికత ఉంటే ఇంత నిక్కచ్చిగా చెప్పించడం కుదరదు, దాన్ని తీసేయమనడానికి ఇది మరో కారణం. అయితే అతి తక్కువ ఎత్తుల సంఖ్య పెద్దదైనంత మాత్రాన పజిల్ గొప్పదనుకోకండి. ఇరవై ఎత్తుల్లో పద్దెనిమిది వట్టి నడకే కావచ్చు. ఏ ఎత్తు దగ్గర తప్పుదారులు ఎక్కువ ఆకర్షణీయంగా ఉన్నాయో అక్కడే అసలు పజిల్ ఉంటుంది. ఆ చోటును గుర్తించాల్సింది మీరే.

గెలవడం అసాధ్యమైన స్థితులు ఎక్కడున్నాయో తెలిశాక, ఆడేవారికి ఆ సంగతి దాచకండి. బంటు అలాంటి స్థితిలోకి వెళ్ళగానే బాస్ భంగిమ మారడం వంటి గుర్తు ఒకటి ఇవ్వండి. గెలుపు లేని బోర్డు మీద అరగంట ఆలోచింపజేయడం వారి సమయాన్ని అగౌరవపరచడమే. వెనక్కి తీసుకునే మీటను బాస్ లెవెల్‌లో కూడా ఉంచండి, ఎన్ని ఎత్తులైనా వెనక్కి వెళ్ళనివ్వండి. ఉత్కంఠ పోతుందని కొందరు అంటారు. పజిల్‌లో ఉత్కంఠ తప్పు చేస్తానేమోనన్న భయం నుంచి రానక్కర్లేదు, ఇది ఎలా సాధ్యమన్న కుతూహలం నుంచి వస్తే చాలు.

బాస్‌ను ఆఖరి లెవెల్‌లోనే మొదటిసారి చూపించడం కూడా మానండి. దానికి ముందు మూడు లెవెల్స్ దీనికోసం కేటాయించాలి. ఒకదానిలో చిన్న భూతమే ఉండాలి, దూరాలు సమానమయ్యే గడిలో నిలబడితే తప్ప గెలుపు రాకూడదు. అది నేర్చుకోకుండా బాస్ దగ్గరికి ఎవరూ రాకూడదు. ఇంకోదానిలో నాలుగు గడుల భూతం ఉండాలి, రాళ్ళు ఉండకూడదు, తప్పించుకుని తలుపు చేరితే చాలు. అక్కడ ఆడేవారు మూలలు ప్రాణం తీస్తాయని తెలుసుకుంటారు. మూడోదానిలో అదే భూతం ఒక రాయిని తోస్తూ కనిపించాలి, ఆ రాయి ఏదో దారిని తెరవాలి, దాంతో భూతం చేత పని చేయించుకోవచ్చన్న ఊహ మనసులో నాటుకుంటుంది. ఇవి పాఠాల్లా కాక మామూలు లెవెల్స్‌లా సరదాగా ఉండేలా చూడండి. మీ నలభై లెవెల్స్‌లో ఏవైనా ఈ పనికి సరిపోతే వాటినే సవరించుకోవచ్చు.

పరీక్షించేటప్పుడు ఇప్పటికే ఆడిన మిత్రులను వదిలి కొత్తవారిని పిలవండి. ఒకసారి పరిష్కారం తెలిసినవారు మళ్ళీ తెలియనివారు కాలేరు, అందువల్ల ఒక్కొక్కరి మొదటి ప్రయత్నం మీకు ఒక్కసారే దొరుకుతుంది, అందరినీ ఒకేరోజు ఖర్చు చేసుకోకండి. పక్కన కూర్చుని ఒక్క మాట కూడా సాయం చేయకండి. వారు ఓడిన ప్రతిసారీ ఒకే ప్రశ్న అడగండి: ఎందుకు ఓడిపోయారు? "మూలకు వెళ్ళకుండా ఉండాల్సింది", "రాయి ఇంకా గోడకు చేరలేదు" అని తమ ఎత్తును తామే పట్టి చూపితే బాస్ సరిగ్గా ఉంది. "అది ఉన్నట్టుండి ఇటు వచ్చింది" అంటే మాత్రం, ఆ మనిషికి నియమం తెలియలేదని అర్థం. అప్పుడు బాస్ బలాన్ని తగ్గించే ముందు దాని కొమ్ముల బొమ్మను, ముందున్న ఆ మూడు లెవెల్స్‌ను సరిచూడండి.